మాట కరుకు, చేయి ధారాళం: నాన్ననూ తాతయ్యనూ గుర్తుంచుకునే దారులు

పైకి కస్సుబుస్సులాడుతూ, అడగకముందే పెట్టిన పెద్దవాళ్ళ గురించి ఈమధ్య చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో ఏడింటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: మా నాన్నగారి సంవత్సరీకానికి ఇంకా నాలుగు నెలలుంది. ఆ రోజు బంధువులకు పంచడానికి చిన్న పుస్తకం వేద్దామనుకున్నాం. తమ్ముడు రాసినది చదివితే ఎవరి నాన్నకైనా సరిపోయేలా ఉంది. మా నాన్నంటే వీధి వీధంతా హడల్. ఆ మనిషే చెప్పాపెట్టకుండా పరాయి పిల్లలకి కాలేజీ ఫీజులు కట్టారు. కోపం సంగతి మాత్రం రాయొద్దని అమ్మ అంటోంది. ఎలా రాయాలి? అచ్చుకి ఏమేం కావాలి?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: తమ్ముడు రాసిన దాంట్లో ‘అజాతశత్రువు, స్నేహశీలి, పరోపకారి’ లాంటి మాటలుంటే ముందు వాటిని కొట్టేయండి. పేపర్లో వచ్చే ప్రతి శ్రద్ధాంజలి ప్రకటనలోనూ అవే ఉంటాయి. ‘పైకి కొబ్బరికాయ, లోపల తీపి నీళ్ళు’ కూడా వద్దు. విశేషణం తీసిన ప్రతిచోటా ఒక పని రాయండి. ఎక్కడ, ఎవరి ముందు, ఏమన్నారు, ఎంత ఇచ్చారు అన్నవి అందులో ఉండాలి. కోపమూ దానమూ వేరువేరు అధ్యాయాలు చేస్తే మనిషి రెండు ముక్కలవుతాడు. ఇలాంటివాళ్ళు చాలామంది తిడుతూనే ఇస్తారు. ఫీజు రసీదు చేతిలో పెడుతూ ‘ఈసారి తప్పావంటే నా గుమ్మం తొక్కకు’ అని ఉంటే ఆ మాటను ఉన్నదున్నట్టు రాయండి. తిట్టు తీసేసి రసీదు ఒక్కటే ఉంచితే అది మీ నాన్నగారి సంగతి కాకుండా పోతుంది.

సరుకు సేకరించేటప్పుడు ‘ఆయన ఎలాంటివారు?’ అని అడగకండి. ‘దేవుడండీ’ అనేసి ఊరుకుంటారు. ‘మీ మీద ఆఖరిసారి ఎందుకు కోప్పడ్డారు? సరిగ్గా ఏ మాట అన్నారు? మర్నాడు కనిపిస్తే ఏం చేశారు?’ అని అడగండి. మూడో ప్రశ్న దగ్గరే అసలు సంగతులు బయటికొస్తాయి. బంధువుల కంటే ముందు పాలేరును, కిరాణా కొట్టాయన్ను, మంగలిని, ఆయనతో పనిచేసినవాళ్ళను కలవండి. వాళ్ళు మనిషిని రోజువారీగా చూసినవాళ్ళు. ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, మడతపెట్టిన తువ్వాలు మీద మాట్లాడేవారికి జానెడు మూరెడు దూరంలో ఉంచి, ఫ్యాను ఆపి రికార్డు చేయండి. ఫ్యాను చప్పుడు గదిలో మనకు తెలియదు, రికార్డులో మాటల్ని మింగేస్తుంది. పెద్దవాళ్ళతో ఒకసారికి 40 నిమిషాలు చాలు.

ఏ సంవత్సరమంటే చాలామంది చెప్పలేరు. మీ ప్రాంతానికి మంచి కొలబద్దలున్నాయి: దివిసీమ ఉప్పెన 1977 నవంబరు, కృష్ణా పుష్కరాలు 1980, 1992, 2004, 2016. ‘ఉప్పెనకి ముందా తర్వాతా? ఏ పుష్కరాల నాటికి?’ అంటే ఒకటి రెండేళ్ళ తేడాలో తేలిపోతుంది.

ఇక అమ్మగారి మాట. ఆవిడ వద్దన్నది ఏ కోపమో ముందు కనుక్కోండి. వీధిలో అరిచిన కోపమైతే ఆ పేజీలు ఆవిడకు చదివి వినిపించండి, ఆవిడే నవ్వి ఇంకో రెండు చెప్పవచ్చు. ఇంట్లో ఆవిడ పడ్డ బాధయితే అది ఆవిడ సొత్తు, ఆవిడ ఒప్పుకోకుండా అచ్చులోకి రాకూడదు. దాన్ని ‘క్రమశిక్షణ’ అని పేరు మార్చి రాయడం మరీ తప్పు. అలాంటిచోట ఏమీ రాయకుండా వదిలేయడం మేలు. నాన్నగారు ఎవరికి ఫీజు కట్టారో వాళ్ళ పేర్లు కూడా వాళ్ళనడగకుండా వేయకండి. ఇవాళ వాళ్ళ పిల్లలకు పెళ్ళిసంబంధాలు చూస్తుంటారు, ఆనాటి లేమి సభలో పంచిపెట్టే సంగతి కాదు. ‘మా వీధిలో ఇంజనీరింగు చదివిన ఒకబ్బాయి’ అంటే సరిపోతుంది.

పుస్తకం డెమ్మీ 1/8 సైజు, అంటే సుమారు 5.5 అంగుళాలు బై 8.5, చేతికి బాగుంటుంది. పేజీలు 16 చొప్పున ఫారాలుగా లెక్క కాబట్టి 32 గానీ 48 గానీ పెట్టుకోండి. 50 పేజీలైతే చివర ఖాళీ పేజీలకు కూడా డబ్బు కడతారు. 12 పాయింట్ల అక్షరాల్లో పేజీకి 200 పైచిలుకు మాటలు పడతాయి. బొమ్మలకు పది పన్నెండు పేజీలు పోను 48 పేజీలకు ఏడెనిమిది వేల మాటలు సరి. లోపలి కాగితం 80 జీఎస్ఎం (చదరపు మీటరుకు 80 గ్రాముల బరువుండే) మ్యాప్‌లితో తీసుకోండి. అంతకంటే పలచనైతే ఫొటో వెనకపేజీకి కనిపిస్తుంది. అట్ట 300 జీఎస్ఎం ఆర్ట్ కార్డు, మధ్యలో పిన్ను కొడితే చాలు. వంద కాపీలకైతే డిజిటల్ ప్రింటు, అయిదొందలు దాటితేనే ఆఫ్‌సెట్ గిట్టుబాటు. డీటీపీ వాళ్ళు అను ఫాంటులో కడితే, ఫోన్లలోనూ చదువుకోగలిగే యూనికోడ్ ప్రతి ముందే విడిగా అడగండి. తర్వాత మార్పిస్తే వత్తులు తారుమారవుతాయి.

సేకరణకు నెలన్నర, రాతకు నెల, డీటీపీ ప్రూఫులకు మూడు వారాలు, అచ్చుకు పది రోజులు అనుకోండి. మిగిలినది ఆలస్యాలకు. ప్రూఫు ఒక్కరే కంటితో చూస్తే పేర్లలో తప్పులు దొరకవు. ఒకరు పైకి చదవాలి, ఇంకొకరు అసలు ప్రతితో సరిచూడాలి. సంవత్సరీకం తేదీని అట్ట మీద వేసేముందు తిథి ఏ రోజు పడుతుందో పురోహితుణ్ణి అడగండి. ఇంగ్లీషు తేదీ వేసేసి తర్వాత స్టిక్కర్లు అంటించే ఇళ్ళు చాలానే ఉన్నాయి.

ప్రశ్న: మా నాయిన పోయినంక సందుగలో ప్రామిసరీ నోట్లు దొరికినయ్. మా తాత రాసిన పద్దుల బుక్కులు గూడ ఉన్నయ్. నోట్లు వసూలు చెయ్యాలని అన్న, చింపెయ్యాలని నేను. నాయిన ఎవర్నీ గట్టిగ అడిగినోడు కాదు, ఇచ్చేటప్పుడు మాత్రం మస్తు తిట్టెటోడు. ఏం చెయ్యాలె?
– ఒక పాఠకుడు, సిద్దిపేట

జవాబు: ఇద్దరూ ఆగండి. ముందు ప్రతి నోటునూ రెండు వైపులా స్కాన్ చేయించండి. వెనకవైపే అసలు కథ ఉంటుంది. కట్టినప్పుడల్లా రాసిన చెల్లులు అక్కడే పడతాయి.

తర్వాత తేదీలు చూడండి. అడిగినప్పుడు ఇస్తానని రాసిన నోటుకు గడువు రాసిన తేదీ నుంచి 3 ఏళ్ళు. ఆ గడువులోపల కొంత సొమ్ము కట్టి, బాకీదారు తన చేత్తో చెల్లు రాసి ఉంటే, లేదా దాని కింద సంతకం పెట్టి ఉంటే, ఆ రోజు నుంచి మళ్ళీ 3 ఏళ్ళు. మీ నాయిన ఒక్కరే రాసుకున్న చెల్లు దీనికి పనికిరాదు. గడువు దాటాక రాసిన చెల్లుతోనూ పాత నోటు బతకదు. కోర్టుకు పోవాలంటే వారసులకు సక్సెషన్ సర్టిఫికెట్ కావాలి, అది సివిల్ కోర్టులో తీసుకోవాలి. వకీలు ఖర్చు, కోర్టు ఫీజు లెక్కేస్తే చిన్న మొత్తాలకు గిట్టదు. అన్నగారికి ఈ లెక్క కాగితం మీద వేసి చూపించండి, సగం తగువు అక్కడే తెగుతుంది. కాలం చెల్లిన నోటుకైనా ఎవరైనా తమంతట తాము కడతానని వస్తే పుచ్చుకోవచ్చు. రసీదు ఇచ్చి, నోటు మీద ‘పూర్తిగా చెల్లు’ అని రాసి తిరిగి ఇచ్చేయండి.

చింపడం మాత్రం వద్దు. ఎవరికి ఇచ్చారు, ఏ నెలలో ఇచ్చారు, వడ్డీ గడి నింపారా వదిలేశారా అన్నది చూస్తే మీ నాయిన మనసు అక్షరాల్లో దొరుకుతుంది. ఊళ్ళో నడిచే రేటు నూటికి రెండు, అంటే ఏడాదికి 24 శాతం. ఒక నోటులో ఆ రేటుండి, ఇంకో నోటులో వడ్డీ ఖాళీగా ఉంటే, ఆ రెండో మనిషి పరిస్థితి ఏమిటో ఊళ్ళో పెద్దవాళ్ళనడగండి. బాకీదారు పేరు చెప్పకుండా అడిగే నేర్పు కావాలి. మాఫీ చేయాలని అందరూ ఒప్పుకుంటే నోటు ఫొటో ఇంట్లో ఉంచుకుని, అసలు ప్రతి బాకీదారుకే ఇచ్చేయండి. చించే హక్కు వాళ్ళదిగా ఉంటేనే బాగుంటుంది.

ఇంకో మాట. మీ నాయినకు అప్పులుంటే వారసులు వచ్చిన ఆస్తి మేరకే బాధ్యులు, సొంత సంపాదన నుంచి కట్టక్కర్లేదు. మాఫీలు పంచేముందు ఆయన ఎవరికైనా ఇవ్వాల్సింది ఉందేమో చూసుకోండి.

తాతగారి పద్దులు చదవడానికి కొన్ని తాళంచెవులు. ఫసలీ (పాత రెవెన్యూ లెక్కల) సంవత్సరం ఉంటే 590 కలపండి: ఫసలీ 1360 అంటే 1950–51. 1957 ఏప్రిల్‌కు ముందు లెక్క అణాల్లో ఉంటుంది, రూపాయికి 16. నిజాం రాజ్యపు హాలీ సిక్కా, ఇంగ్లీషు కల్దారు రెండూ కలిసి ఉంటే 7 హాలీలు 6 కల్దార్లకు సమానం. 1940ల నాటి ‘5 రూపాయల సాయం’ ఇవాళ చిన్నగా కనిపిస్తుంది. అదే పేజీలో కూలి ఎంత ఇచ్చారో, జొన్నలు ఏ ధరకు కొన్నారో ఉంటుంది. దానితో పోల్చి రాయండి. ఉర్దూ పేజీలుంటే పాత రెవెన్యూ కాగితాలు చదివే పెద్దవాళ్ళకు చూపించండి. పొడిబారిన పుస్తకాన్ని 180 డిగ్రీలు తెరిచి స్కానరు మీద నొక్కితే కుట్టు తెగుతుంది. సగం తెరిచి పైనుంచి ఫోనుతో ఫొటో తీయండి.

ప్రశ్న: తాతయ్య 1990ల్లో మాకు పంపిన క్యాసెట్లు కొన్ని ఉన్నాయి. ఆయన ఫోనులో వాట్సాప్ వాయిస్ మెసేజులూ ఉన్నాయి. వాటిలో సగం మమ్మల్ని తిట్టడమే! అవి పోకుండా దాచుకోవాలి. – ఒక పాఠకుడు, డాలస్

జవాబు: ముందు ఫోను సంగతి చూడండి, అది త్వరగా పోయేది. ఇండియాలో ప్రీపెయిడ్ సిమ్ 90 రోజులు వాడకపోతే నంబరు రద్దయ్యే ప్రమాదముంది, తర్వాత అది వేరేవాళ్ళకు వెళ్తుంది. వాట్సాప్ ఖాతా సాధారణంగా 120 రోజులు కదలిక లేకపోతే తీసేస్తారు. గూగుల్ ఖాతాకు 2 ఏళ్ళు, దానితో ఆయన ఫొటోలూ పోతాయి. అందుకని ఇంట్లోవాళ్ళను సిమ్ రీచార్జి చేస్తూ ఉండమనండి. ఆండ్రాయిడ్ ఫోనైతే కంప్యూటరుకు తగిలించి వాట్సాప్ మీడియాలో ‘వాయిస్ నోట్స్’ ఫోల్డరు మొత్తం కాపీ చేయించండి. ఫైళ్ళు ఓపస్ రకంలో ఉంటాయి, పేర్లలో తేదీ ఉంటుంది. ఆ పేర్లు మార్చకండి. ఎవరికి పంపినవో ఫైలు పేర్లలో ఉండదు కాబట్టి చాట్ ఎక్స్‌పోర్టు కూడా విడిగా తీయాలి. మీకు వచ్చిన మెసేజులు మీ ఫోనులోనూ ఉంటాయి. ‘స్టోరేజీ నిండింది’ అన్నప్పుడు చెరిపేసే వాటిలో అవి పోకుండా చూసుకోండి.

క్యాసెట్టును దొరికిన ప్లేయర్లో వెంటనే పెట్టకండి. క్యాసెట్టు మీది చిన్న కిటికీలోంచి చూస్తే టేపు అంచున తెల్లటి బూజుందా? ఉంటే ఆపి, టేపులు బాగుచేసేవాళ్ళకు ఇవ్వండి. బూజు హెడ్డుకంటి మిగతా క్యాసెట్లకూ పాకుతుంది. బూజు లేకపోతే మధ్యలో ఉండే చిన్న స్పాంజి మెత్త ఊడిందేమో చూడండి. అది ఊడితే శబ్దం గొణుగుతున్నట్టు వస్తుంది. టేపు తప్పేమీ ఉండదు. పైఅంచున ఉండే రెండు ప్లాస్టిక్ రెక్కలు విరిచేయండి, పొరపాటున రికార్డు మీట నొక్కినా తాతయ్య గొంతు చెరగదు. ఏళ్ళ తరబడి చుట్టుకుపోయిన టేపు అతుక్కుని ఉంటుంది కాబట్టి ఒకసారి చివరిదాకా, మళ్ళీ మొదటిదాకా తిప్పండి. ప్లేయరు హెడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన దూది పుల్లతో తుడవండి.

ప్లేయరు లైన్ అవుట్ నుంచి యూఎస్‌బీ ఆడియో అడాప్టరుకు, అక్కడి నుంచి కంప్యూటరుకు వైరు తగిలించండి. రికార్డు చేసే సాఫ్ట్‌వేరు ఆడాసిటీ ఉచితంగా దొరుకుతుంది. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, వావ్ ఫైలుగా దాచండి. గంటకు స్టీరియోలో సుమారు 1 జీబీ అవుతుంది. శబ్దం సూచీ మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూడండి, సున్నాకు తగిలితే గట్టిగా అరిచిన మాటలు పగిలిపోతాయి. మీ తాతయ్య విషయంలో ఇది ముఖ్యం! గరగర తగ్గించే పని ఏదైనా నకలు మీదే చేయండి. అసలు ఫైలును, అందులోని దగ్గునూ, ‘ఆపరా, అది ఎర్రగా వెలుగుతోంది’ లాంటి మాటలనూ ముట్టుకోకండి. మూడు కాపీలుండాలి, వాటిలో ఒకటి ఇండియాలో. పిల్లలకు వినిపించే ముందు మాత్రం ఆ తిట్టు ఎందుకు వచ్చిందో చెప్పండి. సందర్భం తెలియని పిల్లలకు అది ఉత్త కేకలే.

ప్రశ్న: మా తాత ఫొటో అద్దానికి అతుక్కుపోయింది. స్టూడియోవాళ్ళు పీకి కొత్తది చేస్తామంటున్నారు, మొహం కాస్త నవ్వుతున్నట్టు కూడా చేస్తారట. – ఒక పాఠకురాలు, అనకాపల్లి

జవాబు: పీకనివ్వకండి. ఫొటో పైపొర జెలటిన్. తేమకు మెత్తబడి అద్దానికి పట్టేస్తుంది. లాగితే మొహం అద్దానికీ కాగితం చేతికీ వస్తాయి. ఫ్రేము విప్పి, అద్దంతో సహా బోర్లా స్కానరు మీద పెట్టి 600 డీపీఐలో స్కాన్ చేయించండి. ఆ ఫైలుతో కొత్త ప్రింటు తీయించి గోడకు పెట్టుకుని, అసలుదాన్ని అద్దంతోనే కాగితంలో చుట్టి బీరువాలో దాచండి.

కొత్త ఫ్రేములో ఫొటోకీ అద్దానికీ మధ్య మౌంటు బోర్డు ఉండాలి, రెండు మిల్లీమీటర్ల సందు చాలు. దండ తడి, అగరుబత్తి పొగ, కర్పూరం మసి అంచుల్లోంచి దిగుతాయి. బొట్టు అద్దం మీద కాక ఫ్రేము కర్ర మీద పెట్టండి. బాత్‌రూము గోడకూ ఎండ పడే గోడకూ తగిలించవద్దు. వెనక పేరు, ఊరు, సంవత్సరం మెత్తని పెన్సిలుతో రాయండి. బాల్ పెన్ను ముందువైపు గుంటలు తేలుస్తుంది. ప్లాస్టిక్ పూత ఉన్న కొత్త ప్రింట్ల మీద పెన్సిలు పడదు, చీటీ రాసి కవరులో పెట్టండి.

నవ్వు సంగతి: వద్దు. ఆయన కెమెరా ముందు మూతి బిగించుకునే మనిషైతే ఆ బిగువే ఉండనివ్వండి. మరకలు, గీతలు తీయించండి. కనుబొమలు, పుట్టుమచ్చ జోలికి పోవద్దని స్టూడియోకు ముందే చెప్పండి, వాళ్ళు అలవాటుగా నునుపు చేసేస్తారు.

ప్రశ్న: తాతగారి హెచ్ఎంటీ వాచీ నాకిచ్చారు. పదేళ్ళుగా ఆగి ఉంది. కీ ఇచ్చి పెట్టుకోవచ్చా? – ఒక విద్యార్థి, విజయనగరం

జవాబు: ముందు శుభ్రం చేయించండి. లోపలి నూనె ఎండిపోయి ఉంటుంది, అలాగే నడిపితే పళ్ళు అరుగుతాయి. ‘డయల్ కొత్తగా పెయింటు వేస్తాం’ అంటే ఒప్పుకోకండి, ఆయన చూసిన ముఖం పోతుంది. తీసేసిన పాత భాగాలు అడిగి తెచ్చుకోండి. బాగయ్యాక రోజూ ఒకే వేళకు, వేళ్ళకు గట్టిగా తగిలేదాకా కీ ఇచ్చి ఆపండి. నీళ్ళు తగలనివ్వకండి. గీతలు అద్దం మీదయితే టూత్‌పేస్టుతో రుద్దినా పోతాయి, అప్పటి అద్దాలు ఎక్కువగా ప్లాస్టిక్కే.

ప్రశ్న: నాన్నగారు తెల్లవారుజామున 3 గంటలకు పోయారు. తిథి ముందురోజుదా, ఆ రోజుదా? అధిక మాసం వస్తే? – ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: వారం సూర్యోదయంతో మారుతుంది. తిథి అలా కాదు, ప్రాణం పోయిన క్షణానికి ఏ తిథి నడుస్తుందో అదే. పంచాంగంలో ఆ తిథి ముగిసే సమయం చూడండి, 3 గంటలకు ముందే ముగిసి ఉంటే తర్వాతి తిథి. మాసం, పక్షం, తిథి మూడూ ఆ వారంలోనే రాసిపెట్టుకోవాలి. నెల తర్వాత ఆసుపత్రి కాగితం మీది టైముకీ ఇంట్లోవాళ్ళ మాటకీ తేడా వచ్చి గొడవలవుతాయి.

ఏటా పెట్టే ఆబ్దికానికి అపరాహ్ణంలో ఆ తిథి ఉన్న రోజు చూస్తారు. పగటిని అయిదు భాగాలు చేస్తే నాలుగోది అపరాహ్ణం. ఆరింటి నుంచి ఆరింటి దాకా పగలనుకుంటే 1:12 నుంచి 3:36 వరకు. మామూలు జ్యేష్ఠంలో పోయినవారికి, 2026లోలాగ అధిక జ్యేష్ఠం వచ్చిన ఏడు, నిజ జ్యేష్ఠంలోనే పెట్టడం సాధారణ ఆచారం. మొదటి ఏడాది మాసికాల మధ్య అధికం వస్తే సంప్రదాయాన్ని బట్టి లెక్క మారుతుంది, మీ పురోహితుణ్ణే అడగండి. విదేశంలో పోతే అక్కడి పంచాంగం ప్రకారం చూడాలి.

ప్రశ్న: నాన్న పేరు మీద మా ఊరి ప్రభుత్వ బడిలో ఏటా ఇద్దరు పిల్లలకు సాయం చేయాలని ఉంది. నా దగ్గర 2 లక్షలున్నాయి. అన్నయ్య అమెరికా పౌరుడు, తనూ ఇస్తానంటున్నాడు. – ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: 2 లక్షలు 7 శాతానికి వేస్తే ఏడాదికి 14,000, ఇద్దరికి చెరో 7,000. వడ్డీ మొత్తం పంచేస్తే అసలు విలువ ధరలతో పాటు కరిగిపోతుంది. 10,000 పంచి 4,000 అసలుకు కలపండి. డబ్బు మీ పేరు మీదే డిపాజిట్ ఉంచుకుని ఏటా ఇవ్వడం ఒక దారి. బడికి అప్పగించాలంటే ప్రధానోపాధ్యాయులతో మాట్లాడి పాఠశాల కమిటీ తీర్మానం, రసీదు తీసుకోండి. తీర్మానంలో ‘ఎవరిని ఎలా ఎంచాలి’ అన్నది స్పష్టంగా రాయించకపోతే హెడ్‌మాస్టరు బదిలీ కాగానే పథకం ఆగుతుంది.

విరాళం మీద ఆదాయపు పన్ను రాయితీ (80జీ) కోసమైతే, ఆ గుర్తింపు ఉన్న సంస్థకే ఇవ్వాలి, 2,000 దాటితే నగదు పనికిరాదు. కొత్త పన్ను విధానంలో ఉంటే ఆ రాయితీ అసలు లేదు. అన్నయ్యగారు విదేశీ పౌరులు కాబట్టి, ఓసీఐ కార్డున్నా సరే, ఆయన విరాళం విదేశీ నిధి కిందికి వస్తుంది. ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి ఉన్న సంస్థే తీసుకోవాలి. భారత పాస్‌పోర్టుతో అక్కడ ఉద్యోగం చేసే ఎన్నారై అయితే ఆ ఇబ్బంది లేదు. అన్నయ్యగారి డబ్బు మీ ఖాతాకు తెప్పించి ట్రస్టుకు మళ్ళించే దొడ్డిదారి మాత్రం వద్దు.

మొదటి ర్యాంకు వాళ్ళకే ఇవ్వాలన్న షరతు చాలామంది ఆలోచించకుండా పెట్టేస్తారు. మీ నాన్నగారు ఎవరికి ఇచ్చేవారో గుర్తుచేసుకోండి. పరీక్ష తప్పిన పిల్లాణ్ణి తిట్టి, మళ్ళీ ఫీజు కట్టిన మనిషైతే, షరతు కూడా అలాగే రాయించండి: పదో తరగతి తప్పి సప్లిమెంటరీ రాసేవారికి, పరీక్ష ఫీజు, పుస్తకాలు, సెంటరు దాకా బస్సు చార్జీలు.